పాత ఎకో సాల్వెంటా, పాత 10 అడుగుల ఫ్లెక్స్ మిషనా? సెకండ్ హ్యాండ్‌లో ఏది కొనాల, ఏం చూసి కొనాల?

కొర్లగుంట_కుర్రోడు (తిరుపతి)

అందరికీ నమస్తే. తిరుపతిలో నాది చిన్న డిజైనింగ్ అంగడి. ఒక సిస్టమ్, ఒక 24 అంగుళాల కటింగ్ ప్లాటర్. ఆటోలకు, ట్యాక్సీలకు రేడియం స్టిక్కర్లు, అంగళ్ళ అద్దాల మీద అక్షరాలు, సన్‌బోర్డు (ఫోమ్ పలక) మీద వినైల్ (ప్లాస్టిక్ స్టిక్కర్ షీటు), చిన్న చిన్న నేమ్ బోర్డులు, ఇవీ నా పనులు. ప్రింట్ ఏదొచ్చినా బయట వేయించుకోవాల్సిందే. మామూలు రోజుల్లో ఇబ్బంది లేదు. గంగజాతర వచ్చినా, బ్రహ్మోత్సవాలు వచ్చినా, ఎలక్షన్లు వచ్చినా మన ఫైలు యాడుందో ఆ వెంకన్నకే తెలియాల. వాళ్ళ సొంత గిరాకీ అయినాకే మనది. కస్టమర్ వచ్చి మన మొగం మీద అరుస్తాడు.

అందుకని పాత మిషన్ ఒకటి చూసుకుందామని ఉండాది. రెండు బేరాలు తగిలినాయి.

ఒకటి విజయవాడలో. 10 అడుగుల చైనా ఫ్లెక్స్ మిషన్, కోనికా 512ఐ హెడ్లు (ఇంకు చల్లే భాగాలు) నాలుగు, నాలుగు రంగులు. 2017 మోడల్ అంటా ఉండాడు. నాలుగున్నర లక్షలు చెప్తా ఉండాడు.

రెండోది బెంగళూరులో. మిమాకి జేవీ33-160, ఎకో సాల్వెంట్ (ఘాటు తక్కువ ఇంకుతో వినైల్ మీద ప్రింట్ వేసేది), 2011 మోడల్. చిన్న ల్యామినేషన్ మిషన్‌తో కలిపి మూడు లక్షల ఇరవై వేలు.

చీటీ ఎత్తితే మూడు లక్షల దాకా వస్తది, మిగతాది లోన్ అనుకుంటా ఉండా. ఏది మేలో చెప్పండి అన్నా.

---

టెన్‌ఫీట్_బాబు (రేణిగుంట రోడ్డు)

తమ్ముడూ, ఆలోచించే పని లేదు, 10 అడుగులది తీసుకో. తిరుపతిలో డబ్బు తిరిగేది ఫ్లెక్స్‌లోనే. పుట్టినరోజు ఫ్లెక్స్, ఓణీల ఫంక్షన్ ఫ్లెక్స్, సినిమా రిలీజు, లీడర్‌కు స్వాగతం, మనిషి పోతే శ్రద్ధాంజలి. పొద్దున ఆర్డర్, సాయంత్రం క్యాష్. నీ వినైల్ స్టిక్కర్ పని నెలకెన్ని చదరపు అడుగులు వస్తది చెప్పు?

కోనికా హెడ్డు గట్టిది. మూసుకుపోయినా కడిగి నడిపించొచ్చు. ఆ మిమాకిలో ఉండే ఎప్సన్ హెడ్డు పోయిందంటే పోయినట్టే, చెత్తబుట్టకే.

---

నాజిల్_మామ (సర్వీసు, చెన్నై - తిరుపతి - నెల్లూరు)

బాబు చెప్పినదాంట్లో హెడ్డు గురించి నిజముంది. మిగతాది కుర్రోడు చేసే పనిని బట్టి ఉంటది.

కోనికా 512ఐలో నాజిళ్ళు (ఇంకు వచ్చే సన్నటి కంతలు) 512, చుక్క 30 పీకోలీటర్లు. అంటే ముతక చుక్క. రోడ్డు మీద పోయేవాడు ముప్ఫై అడుగుల దూరం నుంచి చూసే బ్యానర్‌కు అది చాలు, స్పీడు కూడా ఉంటది. అదే మిషన్‌లో అంగడి తలుపు మీద అంటించే స్టిక్కర్ వేసి, మూరెడు దూరంలో నిలబడి చూడు. మొగాల మీద ఇసక చల్లినట్టు కనపడతది.

జేవీ33లో ఉండేది ఎప్సన్ డీఎక్స్5. ఎనిమిది వరసలు, వరసకు 180, మొత్తం 1440 నాజిళ్ళు. నాలుగు రంగులు పోస్తే రంగుకు రెండేసి వరసలు. చుక్క సైజు మారతది, అతి చిన్నది 4 పీకోలీటర్లు. ఫొటో నున్నగా వస్తది. కానీ స్లో. వెడల్పు 1610 మిల్లీమీటర్లు, అంటే ఐదుంపావు అడుగులు. 10 అడుగుల బ్యానర్ దాంట్లో వేయలేవు, వేసినా ఆ ఇంకు ఖర్చుకు గిట్టదు.

కాబట్టి ముందు ఇది చెప్పు: పోయిన ఆరు నెలల్లో బయట వేయించిన బిల్లులన్నీ తీసి చూస్తే, ఫ్లెక్స్ ఎన్ని అడుగులు, వినైల్ ఎన్ని అడుగులు? రెండిట్లో నీకు మిగిలింది యాడ?

---

బ్రష్షుకాలం (చిత్తూరు)

నాయనా, నేను గోడల మీద రాసిన కాలం నుంచి ఈ పనిలోనే ఉండా. చిత్తూరు దర్గా సర్కిల్ నుంచి పలమనేరు దాకా అంగడి బోర్డులు ఎనామిల్ పెయింటుతో రాసినోణ్ణి. ఫ్లెక్స్ వచ్చి మా చేతులు ఖాళీ చేసింది, తర్వాత నేనే ఫ్లెక్స్ మిషన్ పెట్టినా, తర్వాత అమ్మేసినా. ఎందుకంటే మా వీధిలోనే నాలుగు మిషన్లు వచ్చినాయి. అడుగుకు పది అంటే పక్కనోడు తొమ్మిది అన్నాడు, వాడి పక్కనోడు ఎనిమిదిన్నర. కడాకు రోలు, ఇంకు, కరెంటు ఖర్చులు పోతే ఆపరేటర్ జీతానికి కూడా సరిపోలేదు.

ఇంకో మాట. 2022 ఆగస్టు 26న విశాఖలో అప్పటి ముఖ్యమంత్రి ఫ్లెక్సీలు బంద్ అని ప్రకటించినాడు. ముందు నవంబర్ 1 నుంచి అన్నారు, మళ్ళ 2023 జనవరి 26కు జరిపినారు. అప్పుడు ఈ ధంధాలో ఉన్నోళ్ళకు రాత్రిళ్ళు నిద్ర లేదు. దానికి ముందే, అదే సంవత్సరం జులై 1 నుంచి దేశమంతా 100 మైక్రాన్ల కంటే పల్చటి పీవీసీ బ్యానర్లు ఆపేసినారు. మనం వాడే రోలు అంతకంటే మందమే, అది వేరే సంగతి. ఇప్పుడు వీధిలో ఫ్లెక్స్‌లు ఎన్ని వేలాడతా ఉండాయో నీకూ తెలుసు. కానీ అప్పు చేసి కొనే మిషన్‌కు ఒక్క జీవోతో తాళం పడే అవకాశం ఉండాదని గుర్తు పెట్టుకో.

---

టెన్‌ఫీట్_బాబు

పెద్దాయనా, ఆ జీవో రోజుల్లో మేమూ గుడ్డ రోల్ మీద వేసినాం. మిషన్ మూలన పడలేదు కదా.

---

మదనపల్లె_మధు

పాత సామాను ఎందుకు కొంటారో నాకర్థం కాదు. అదే డబ్బుకు రొంత అటూ ఇటూగా కొత్త చైనా ఎకో సాల్వెంట్ వస్తది, ఎక్స్‌పీ600 హెడ్డుతో. హెడ్డు పోతే మార్చుకో, తక్కువ రేటే. వారంటీ కూడా ఇస్తారు.

---

నాజిల్_మామ

మధూ, నీ మాట కొట్టిపారేయను. ఎక్స్‌పీ600 ఆరు వరసలు, 1080 నాజిళ్ళు. చవక, ఈజీగా దొరకతది. కానీ అది అసలు ఆఫీసు, ఇంటి ప్రింటర్ల కోసం చేసిన హెడ్డు. రోజంతా వినైల్ వేసేవాడికి దాని ఆయుష్షు తక్కువే, తరచుగా మార్చాల్సిందే. ఇప్పుడు కొత్త మిషన్లలో ఎక్కువగా వస్తా ఉండేది ఐ3200, 3200 నాజిళ్ళు. అందులోనూ ఏ1 నీళ్ళ ఇంకుకు, ఈ1 ఎకో సాల్వెంట్‌కు, యూ1 యూవీకి. డబ్బా మీద అది చూడకుండా తెచ్చి బిగించినోళ్ళు ఉండారు.

వారంటీ కాగితంలో హెడ్డు ఉందా లేదా చదువుకో. చాలా వాటిల్లో ఉండదు.

---

పద్మ_కాళహస్తి

తమ్ముడూ, నేను శ్రీకాళహస్తిలో ఎకో సాల్వెంట్ నడుపుతున్నాను, నీ దగ్గరికి వచ్చినలాంటి పాతదే. నా అనుభవం చెప్తాను.

మంచి సంగతి: క్లినిక్ బోర్డులు, హోటల్ మెనూలు, స్కూల్ బస్సుల మీద స్టిక్కర్లు, కార్ల వెనక అద్దానికి వన్ వే విజన్ (లోపలి నుంచి బయట కనపడే చిల్లుల స్టిక్కర్), ఫొటో కట్‌లు. వీటికి ఎవరూ అడుగుకు అర్ధరూపాయి కోసం బేరమాడరు. పని బాగుంటే మళ్ళీ వస్తారు.

కష్టం: ఆ మిషన్‌ని నిర్లక్ష్యం చేయడానికి వీల్లేదు. రాత్రి ఇంటికి పోయేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపకూడదు. ముందర ఉండే బటన్ మాత్రం ఆపితే, మిషన్ నిద్రలోనే ఉండి మధ్యమధ్యలో తనంతట తాను హెడ్డు తడుపుకుంటుంది. మా పిల్లోడు ఒకసారి సంక్రాంతి సెలవలకు పోతూ ‘కరెంటు దండగ’ అని మెయిన్ ఆపి పోయాడు. పండగ తర్వాత వచ్చి చూస్తే పసుపు రంగు పూర్తిగా రాలేదు. ఎండాకాలం ఏసీ తప్పనిసరి, తిరుపతి ఎండలకు క్యాప్ (పని లేనప్పుడు హెడ్డును మూసి ఉంచే మూత) దగ్గరే ఇంకు గట్టిపడుతుంది. ఏసీ, యూపీఎస్ ఖర్చు ఇప్పుడే లెక్కలో వేసుకో.

---

కొర్లగుంట_కుర్రోడు

మామా, మీరు చెప్పినట్టే బిల్లులు తీసి చూసినా. అడుగుల్లో చూస్తే ఫ్లెక్సే జాస్తి, వినైల్‌కు మూడింతలు ఉండాది. మిగిలిన డబ్బుల్లో చూస్తే వినైల్‌దే పైచేయి. ఫ్లెక్స్‌లో నాకు మిగిలేది డిజైన్ చార్జీ మాత్రమే, అది మిషన్ లేకపోయినా వస్తా ఉంది.

ఇంకోటి, 10 అడుగుల మిషన్ కొలతలు అడిగితే మిషన్ పొడవు 15 అడుగులు దాటతది అన్నాడు. నా అంగడి లోతు 14.

---

బ్రష్షుకాలం

ఇంకేం బేరం నాయనా, గోడ పగలగొట్టి కొంటావా. 10 అడుగులనేది రోలు వెడల్పు, మిషన్ పొడవు కాదు. దానికి రెండు పక్కలా మనిషి తిరగాల, వెనక రోలు ఎక్కించాల, ముందర డ్రయ్యర్లు. ఆ ఇంకు వాసనకు ఎగ్జాస్ట్ లేకపోతే పైన కాపురముండే వాళ్ళు రెండో రోజే గొడవకొస్తారు. మిమాకి అయితే దాదాపు తొమ్మిది అడుగులు, పడతది. కానీ మెట్ల మలుపు ఉంటే అది కూడా కొలుచుకో.

---

లెక్కలోడు (చిత్తూరు)

నేను మిషన్ల మనిషిని కాదు, ఇలాంటి అంగళ్ళకు లెక్కలు చూస్తాను. నాలుగు మాటలు.

అమ్మేవాడు జీఎస్టీ ఉన్నవాడైతే ట్యాక్స్ ఇన్‌వాయిస్ అడగండి. మీకూ రెగ్యులర్ జీఎస్టీ ఉంటే ఆ పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా (మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా) వస్తుంది. కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉంటే రాదు, అప్పుడు పన్ను కూడా మీ ఖర్చే. ‘బిల్లు లేకుండా తగ్గిస్తా’ అంటే ఆ తగ్గించేది ఎంతో, మీరు వదులుకునే క్రెడిట్ ఎంతో పక్కపక్కన రాసి చూసుకోండి. ఇన్‌వాయిస్‌లో మిషన్ సీరియల్ నంబర్ ఉండాలి. సరుకు విలువ 50,000 దాటింది కాబట్టి బెంగళూరు నుంచి వచ్చే బండికి ఈ-వే బిల్లు తప్పదు.

లోన్ విషయం. ముద్రాలో 50,000 వరకు శిశు, 5 లక్షల వరకు కిశోర్, 10 లక్షల వరకు తరుణ్. లోన్ 50,000 దాటితే మీది కిశోర్ కిందికి వస్తుంది. కానీ పాత మిషన్ అంటే బ్యాంకు మేనేజరు వెనకాడతాడు. వాల్యుయేషన్ రిపోర్టు అడగొచ్చు. బేరం ఖాయం చేసి అడ్వాన్స్ ఇచ్చాక బ్యాంకుకు పోకండి, ముందే వెళ్ళి అడగండి.

హెడ్డు ఖర్చును అడుగు రేటులో కలపనివాళ్ళను చాలామందిని చూశాను. ఉదాహరణకు హెడ్డు లక్ష రూపాయలు, అది 20,000 చదరపు అడుగులు వేసి పోయిందనుకుందాం. అడుగుకు ఐదు రూపాయలు హెడ్డుకే. ఇంకు, కవరేజీని బట్టి, సుమారుగా అడుగుకు ఒక మిల్లీలీటరు. ఆ పైన వినైల్, ల్యామినేషన్, కరెంటు, ఏసీ, కట్ చేయడంలో పోయే వేస్టు. ఇవన్నీ రాసుకున్నాక మీ అమ్మకం రేటు చూడండి.

---

కొర్లగుంట_కుర్రోడు

అన్నా, ఐదు రూపాయలు హెడ్డుకే అంటే గుండె జారింది. సరే, విజయవాడది వదిలేసినా. వచ్చే ఆదివారం బెంగళూరు పోతా ఉండా. పోయి ఏం చూడాల? వాళ్ళు చూపించింది చూసి తల ఊపి వచ్చేటట్టు కాకుండా చెప్పండి.

---

నాజిల్_మామ

ఆదివారం ఒక్కరోజుతో కాదు. శనివారం సాయంత్రమే పో. పోయి నాజిల్ చెక్ (ప్రతి నాజిల్ ఒక చిన్న గీత వేసే పరీక్ష ప్రింట్) వేయించు, కాగితం మీద తేదీ, టైం రాసి నీ దగ్గర పెట్టుకో. తర్వాత మిషన్‌ను అట్లే వదిలేయమను. పొద్దున నువ్వు పోయేదాకా ఎవరూ క్లీనింగ్ కొట్టకూడదు. పొద్దున వేసే మొదటి నాజిల్ చెక్కే నీకు కావాల్సింది. నువ్వొస్తావని తెలిసి అరగంట ముందు నాలుగు క్లీనింగులు కొట్టినాక ఏ పాత హెడ్డయినా పెళ్ళికొడుకు మాదిరే ఉంటది.

నాజిల్ చెక్‌లో గీతలు మెట్లు మెట్లుగా వస్తాయి. గీత లేని చోట నాజిల్ రాలేదు. అది క్లీనింగుకు రావచ్చు. గీత ఉంది గానీ పక్కకు ఒరిగి, పక్కగీతను తాకుతా ఉందంటే అది వంకర నాజిల్. దానికి భయపడాల. మూసుకుపోయిన దాన్ని తెరవొచ్చు, వంకరబోయిన దాన్ని సరిచేయడం కష్టం. రెండు నాజిల్ చెక్‌లు పక్కపక్కన పెట్టి చూడు. రాని నాజిళ్ళు ప్రతిసారీ వేరే వేరే చోట్ల ఉంటే లోపం హెడ్డులో కాదు, ఇంకు వచ్చే దారిలో ఉంది. ఒకే చోట ఉంటే హెడ్డుదే.

తర్వాత నాలుగు రంగులూ విడివిడిగా నూరు శాతం, నిండు వెడల్పున, కనీసం అరగంట నడవనీ. ఆగిన వెంటనే మళ్ళీ నాజిల్ చెక్. మొదట్లో నిండుగా ఉండి ఇప్పుడు వరస వరస తెగిపోయిందంటే ఇంకు అందడం లేదు. డ్యాంపర్ (హెడ్డుకు ముందు ఇంకును వడగట్టే చిన్న డబ్బా) మూసుకుపోయి ఉండొచ్చు, ట్యూబులో గాలి లాగుతా ఉండొచ్చు, క్యాప్ సరిగ్గా కూర్చోక పంపు ఇంకు లాగలేకపోతా ఉండొచ్చు. ఇవన్నీ చిన్న ఖర్చు. హెడ్డు, మెయిన్ బోర్డు, ఈ రెండే పెద్దవి.

బూడిద రంగు, 50 శాతం, ఈ చివర నుంచి ఆ చివరకు వేయించు. నిండు రంగు తప్పులు దాచేస్తది, బూడిద దాచలేదు. అడ్డం చారలొస్తే ఫీడ్ (రోలు ముందుకు జరిగే కొలత) సరిచేయించి మళ్ళీ వేయించు, పోయినాయంటే సరే. నిలువు నీడలు ఒకే చోట వస్తా ఉంటే ఎన్‌కోడర్ స్ట్రిప్ (హెడ్డు యాడుందో మిషన్‌కు చెప్పే సన్నటి పట్టీ) మీద ఇంకు మరక పడి ఉంటది, లేదా రైలు అరిగి ఉంటది. స్ట్రిప్ తుడిపించి చూడు. హెడ్డు రాకపోకలు రెండు వైపులా వేసే గీతలు ఎడమ, మధ్య, కుడి, మూడు చోట్లా కలవాల.

ఇప్పుడు చేత్తో చూడాల్సింది. కరెంటు ఆపి, హెడ్డును మోసే క్యారేజీని మెల్లగా తోయి. ఎక్కడైనా పట్టినట్టుంటే బేరింగు పోయింది. క్యారేజీ మూత తీయించి టార్చి కొట్టి చూడు. హెడ్డులోకి పోయే సన్నటి పట్టీ కేబుల్ కొనల దగ్గర ఇంకు మరక ఉన్నా, నల్లగా కాలినట్టున్నా, ఆ మిషన్ రేపో మాపో బోర్డుతో సహా పోతది. అట్లాంటిది వాడు ఉచితంగా ఇచ్చినా తేవద్దు.

మెనూలోంచి మిషన్ వాడకం రిపోర్టు తీయించు. 2011 మోడల్ అనేదానికంటే ఎంత నడిచిందనేది ముఖ్యం.

ఇప్పుడు దాంట్లో ఏ కంపెనీ ఇంకు ఉందో అడుగు, సీసా చూపించమను. మిమాకి వాళ్ళ ఒరిజినల్ ఇంకు ఎస్ఎస్21 అయితే ఒక లెక్క. బయటి ఇంకు అయితే అదే పోసుకోవాల, లేదా మొత్తం లైను ఫ్లష్ చేసి కొత్తది పోయాల. రెండు కంపెనీల ఇంకు లైనులో కలిసి గడ్డకట్టిందంటే హెడ్డుతో సహా అన్నీ మార్చాల్సిందే.

---

పద్మ_కాళహస్తి

మామ చెప్పినదానికి నాదొకటి. వాళ్ళ ఫైలు ప్రింట్ చేసి చూపిస్తారు. పువ్వులు, చిలకలు, ఇంగ్లీషు అక్షరాలు. అవి ఏ మిషన్‌లో వేసినా బాగానే ఉంటాయి. నువ్వు నీ ఫైలు పెన్‌డ్రైవ్‌లో తీసుకుపో, నువ్వు వాడే వినైల్ ముక్క కూడా.

ఫైలులో తెలుగు పెట్టు. చిన్న సైజులో, నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్లక్షరాలు. ఆ నలుపు కూడా ఉత్త నలుపు కాదు, నాలుగు రంగులు కలిపిన నలుపు. ‘శ్రీ జ్ఞానప్రసూనాంబ’ అని రాసి చూడు. జ కింద ఞ వత్తు, ప కింద క్రావడి, సున్నాల మధ్య కంతలు. రంగులు వెంట్రుక వాసి జరిగినా వత్తులు పూడుకుపోతాయి. ఇంగ్లీషు బోర్డులు వేసేవాడికి ఈ తేడా ఎప్పటికీ కనపడదు. మనకు మొదటి పెళ్ళి పత్రిక స్టాండీలోనే కనపడుతుంది.

ఇంకోటి, ఎవరిదైనా మొగం ఉన్న ఫొటో వేయించు. మెజెంటా తేడా ఉంటే మొగం కమిలినట్టు వస్తుంది.

---

టెన్‌ఫీట్_బాబు

నా మాట వినలేదు, సరే. కానీ ఇది విను. ప్రింట్ వేసే సాఫ్ట్‌వేర్ ఏది ఇస్తా ఉండాడు? మిమాకి వాళ్ళ రాస్టర్‌లింకా, బయటిదా? లైసెన్సు ఎవరి పేరున ఉంది, డాంగిల్ (సాఫ్ట్‌వేర్ తెరిచే యూఎస్‌బీ తాళం) ఉందా? డాంగిల్ ‘తర్వాత కొరియర్ చేస్తా’ అంటే ఒక్క పైసా ఇవ్వద్దు. మిషన్‌తో పాటే ఆ కంప్యూటర్ కూడా తీసుకో. ఇంటికి రాగానే హార్డ్ డిస్కుకు నకలు తీసి పెట్టు. పాత చైనా మిషన్లయితే ఇంకా తలనొప్పి, పాత పీసీఐ కార్డు మీద నడుస్తాయి, ఆ కార్డు పట్టే మదర్‌బోర్డు కోసం ఊరంతా తిరగాల.

ఎర్తింగ్ మర్చిపోవద్దు. న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య మీటర్ పెట్టి చూడు, రెండు వోల్టులు దాటకుండా ఉంటే మంచిది. నీ అంగడిలో ఇప్పుడు ఎర్త్ అనేది స్విచ్ బోర్డులో మూడో కంత మాత్రమే అయి ఉంటది. సపరేటుగా గుంత తీయించు, ఉప్పు బొగ్గు వేసి. వినైల్ లాగేటప్పుడు పుట్టే స్టాటిక్ పోయేది ఆ దారిలోనే.

---

బ్రష్షుకాలం

తెచ్చేటప్పుడు క్యారేజీ లాక్ బిగించినారా చూసుకో. ఇంకు తీయించు, లేదా క్యాట్రిడ్జిలు తీసి లైను మూయించు. మిషన్‌ను నిలువుగా గానీ పక్కకు గానీ పడుకోబెట్టకూడదు. బెంగళూరు నుంచి వచ్చే దారి పలమనేరు దాటినాక మొగిలి ఘాటు ఉండాది, మలుపుల్లో బండి ఊగతది. రాత్రి పూట తేవద్దు, దించేదానికి మనుషులు దొరకరు.

---

నిర్వాహకుడు

డీలర్ల ఫోన్ నంబర్లు ఈ చర్చలో పెట్టకండి. ఇప్పటికే రెండు తీసేశాను. బేరాల కోసం అమ్మకాల విభాగం ఉంది.

---

కొర్లగుంట_కుర్రోడు

పోయి వచ్చినా. శనివారం సాయంత్రం వేసిన నాజిల్ చెక్ బ్రహ్మాండంగా ఉండాది. పొద్దున వేస్తే మెజెంటాలో ఏడు గీతలు లేవు, రెండు వంకర. క్లీనింగ్ కొడితే ఐదు వచ్చినాయి, ఆ వంకరవి అట్లే ఉండాయి. అరగంట నిండు రంగులు నడిపినాక నలుపు సగం వరస తెగింది. ఓనర్ ‘చలికి అట్ల అయితాది’ అన్నాడు. ఏసీ లేని గది, చలి యాడిది!

బూడిద రంగులో ఒక జానెడు మేర నిలువు నీడ. స్ట్రిప్ తుడిస్తే పోయింది. క్యారేజీ సాఫీగా పోతా ఉంది. కేబుల్ కొనలు శుభ్రంగా ఉండాయి, ఫొటోలు కింద పెట్టినా చూడండి మామా. అక్కా, మీ జ్ఞానప్రసూనాంబను వేయించినా. 10 పాయింట్లలో వత్తు చదవగలిగినట్టు వచ్చింది, 8లో పూడిపోయింది. ఇంకు ఒరిజినల్ కాదు, బయటిది, సీసాలు చూపించినాడు. సాఫ్ట్‌వేర్ డాంగిల్ చేతికి ఇస్తానన్నాడు. ల్యామినేషన్ మిషన్ రబ్బరు రోలరు మీద బ్లేడు గాటు ఉండాది.

మూడు ఇరవైకి ఒప్పుకోవచ్చా?

---

నాజిల్_మామ

ఫొటోలు చూసినా. బోర్డు, కేబుల్ బాగుండాయి, ఇది ముఖ్యం. నలుపు తెగింది డ్యాంపరే అయి ఉంటది, నాలుగూ ఒకేసారి మార్పించు, క్యాప్, హెడ్డు తుడిచే వైపర్ కూడా. మెజెంటా వంకర పోదు. ఇప్పటికి మామూలు పనికి అడ్డం రాదు, పల్చటి లేత రంగుల్లో చార కనపడతది.

హెడ్డు పోయిందనుకుని బేరం చెయ్యి. హెడ్డు లేని మిషన్‌కు నువ్వు ఎంత ఇస్తావో అంతే ఇవ్వు. హెడ్డు ఇంకో ఏడాది నడిస్తే అది నీ అదృష్టం, వాడికి డబ్బు కట్టాల్సిన సంగతి కాదు. ఇప్పుడే కొత్త హెడ్డు రేటు ఇద్దరు ముగ్గుర్ని అడిగి పెట్టుకో. డీఎక్స్5 లాక్ ఉన్నవి, లాక్ తీసినవి అని రకాలు తిరగతా ఉండాయి. మీ మిషన్‌లో ఒరిజినల్ బోర్డు కాబట్టి దానికి సరిపోయేదే అడుగు. మార్చినాక హెడ్డు మీది కోడ్ మెనూలో ఎక్కించాల, అది తెలిసినోడితోనే చేయించు.

---

మదనపల్లె_మధు

నేను అప్పుడే చెప్పినా.

---

పద్మ_కాళహస్తి

మధు గారూ, కొత్తదైనా ఈ పరీక్షలన్నీ చేయాల్సిందే కదా. తమ్ముడూ, ఆ ల్యామినేటర్ వదిలేయి. గాటు పడిన రోలరు తిరిగిన ప్రతిసారీ స్టిక్కర్ మీద గీత వేస్తుంది. దాన్ని తీసేసి రేటు తగ్గించమను.

---

కొర్లగుంట_కుర్రోడు

రెండు లక్షల నలభై ఐదు వేలకు తెగింది. ల్యామినేటర్ లేకుండా, నాలుగు డ్యాంపర్లు, క్యాప్, వైపర్ వాడే వేసి, నేను చూస్తా ఉండగా అరగంట నడిపి చూపించాల. జీఎస్టీ బిల్లు, సీరియల్ నంబర్‌తో. మొదట ‘పాత మిషన్‌కు ఇన్ని షరతులా’ అని చిరాకుపడినాడు, పొద్దున కాగితమూ సాయంత్రం కాగితమూ పక్కపక్కన పెడితే దిగినాడు. మిగిలిన డబ్బును హెడ్డు కోసమని వేరే ఖాతాలో వేసినా. బ్యాంకులో మేనేజరు కొటేషన్, వాల్యుయేషన్ అడిగినాడు, అది నడస్తా ఉంది.

ఒక సందేహం. వేస్ట్ ఇంకు బాటిల్ నిండితే యాడ పోయాల? మా వీధిలో డ్రైనేజీ ఒక్కటే ఉండాది.

---

పద్మ_కాళహస్తి

డ్రైనేజీలో పోయవద్దు, అది మండే ద్రవం, వాసనకే పట్టుబడతావు. మూత గట్టిగా పట్టే క్యాన్‌లో నింపి, ఎండ తగలని చోట, స్విచ్ బోర్డుకు దూరంగా పెట్టు. బాటిల్ నిండకముందే మార్చు. నిండి పొర్లితే అది పోయేది మిషన్ కింద ఉండే బోర్డుల మీదికే.

---

టెన్‌ఫీట్_బాబు

మిషన్ దిగినాక చెప్పు తమ్ముడూ. నా దగ్గరికి వినైల్ పనులు వస్తా ఉంటాయి, 30 పీకోలో వేసి తిట్లు తింటా ఉండా. అవి నీకు పంపుతా, నీ ఫ్లెక్స్ నాకు పంపు. అడుగుకు ఎంత?

---

కొర్లగుంట_కుర్రోడు

రోలు నీదా నాదా అన్నా? అది చెప్తే రేటు చెప్తా. జాతర టైంలో మాత్రం నా ఫైలు క్యూలో కడాకు పెట్టనని ఇక్కడే, అందరి ముందర రాయి.